బీరప్ప ఆరాలు

రేవణయ్య గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసు. తెలిసి కూడా పరమేశం ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు. గురువు గారి దగ్గర ఉపదేశం తీసుకుని రెండేళ్లయిందనీ, తనతోపాటు తీసుకున్నవాళ్ల మనసులన్నీ కుదుటపడ్డాయనీ, తనకొక్కడికే ఎందుకు వంటబట్టలేదనీ అతని బాధ. గురువు గారు అంతా విన్నారు. వానాకాలం నాలుగు నెలలూ కొండమీద గుడిసెలో ఒంటరిగా దీక్ష చేస్తానని పరమేశం అప్పటికే పదిమందిలో చెప్పుకున్నాడు. మధ్యలో దిగివస్తే దీక్ష చెడినట్టే. "అక్కడికి తోడు కావాలి. బీరప్ప దగ్గర ఓ కుక్కను తెచ్చుకో," అన్నారాయన.

బీరప్ప గొర్రెల కాపరి. అతని మందలో పెరిగిన కుక్కలకు చుట్టుపక్కల మంచి పేరుంది. కాకపోతే అతను కుక్కల్ని ముందుగా చూపించడు. అడగవచ్చినవాణ్ణి గొంగడి మీద కూర్చోబెట్టి, కూతురికి సంబంధం చూస్తున్నంత తీరిగ్గా ఆరాలు తీస్తాడు. పొద్దున ఎప్పుడు లేస్తారు, రోజుకు ఎంత దూరం నడుస్తారు, కోపమొస్తే ఏం చేస్తారు, చీకటంటే భయమా. పరమేశానికి ఇదంతా చాదస్తంగా తోచింది. పైగా కాషాయం కట్టినవాడు గొర్రెల కాపరి ముందు తక్కువ కావడమేమిటి? కోడి కూయకముందే లేస్తానన్నాడు. రోజూ కొండ చుట్టి వస్తానన్నాడు. కోపం ఏనాడో వదిలేశానన్నాడు. భయం మాటకు నవ్వి ఊరుకున్నాడు. బీరప్ప తల ఊపి, మందలోంచి ఓ ఎర్ర కుక్కను తెచ్చి తాడు చేతికిచ్చాడు.

ఆ కుక్కకు కుదురుగా కూర్చోవడమంటే తెలియదు. తెల్లవారకముందే తలుపు గీరేది. పరమేశానికేమో ఎండెక్కితే గానీ మెలకువ రాదు. కాస్త దూరం తిప్పుకొస్తే నెమ్మదించేదే, కానీ అతను నాలుగడుగులు వేసి ఆయాసంతో కూలబడేవాడు. విసుగొచ్చి కట్టేస్తే తాడు కొరికింది. ఎనిమిదో రోజున కర్ర తీసుకుని ఒకటి వేశాడు. అది కరవలేదు, కనీసం గుర్రుమనలేదు. అతని వైపు ఒకసారి చూసి, కొండ దిగి తన మందకు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆకు కదిలినా ఉలిక్కిపడుతూ నాలుగు రాత్రులు గడిపాడు పరమేశం. ఐదో రోజు మూట కట్టుకున్నాడు. దిగుతుంటే సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. కిందికి చేరేసరికి ఆ సిగ్గు కాస్తా బీరప్ప మీద కోపంగా మారింది.

గురువు గారు అతణ్ణి వెంటబెట్టుకుని మంద దగ్గరికి నడిచారు. పనికిమాలిన కుక్కను అంటగట్టావని పరమేశం బీరప్పను దులిపేశాడు. గొర్రె డెక్కలో ముల్లు తీస్తున్న బీరప్ప తలెత్తి చూశాడు.

"మీరు చెప్పిన మనిషికి తగిన కుక్కనే ఇచ్చినాను సామీ. ఆ మనిషి కొండెక్కలేదు. మీరెక్కినారు."

బీరప్ప ముల్లు లాగి పారేసి, గొంగడి మీద చోటు చూపించి, అవే ఆరాలు మొదటి నుంచి తీశాడు. ఈసారి జవాబులు ఆగి ఆగి వచ్చాయి. పొద్దెక్కాక లేస్తానన్నాడు. నడవలేనన్నాడు. కోపమొస్తే చెయ్యి చేసుకుంటానన్నాడు. చివరిదానికి గురువు గారి వైపు చూడకుండా, "భయమే. చాలా భయం," అన్నాడు.

బీరప్ప వెళ్లి ఓ బొద్దు కుక్కను తెచ్చాడు. ఈగ వాలినా మొరుగుతుందట, మనిషి కాళ్ల దగ్గర నుంచి కదలదట, మందకు ఎందుకూ కొరగాదట. దీని మీద చెయ్యెత్తితే మాత్రం తానే కొండెక్కి తీసుకుపోతానని గట్టిగా చెప్పాడు. అది వచ్చీ రాగానే పరమేశం పాదాల మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. కదిలితే దానికి ఎక్కడ మెలకువ వస్తుందోనని అతను అలాగే ఉండిపోయాడు.

రేవణయ్య గారు కుక్కనూ శిష్యుణ్ణీ మార్చి మార్చి చూశారు.

"ఉపదేశానికి వచ్చిన రోజున నేనూ నిన్ను నాలుగు మాటలు అడిగాను పరమేశం," అన్నారు.