కోడిగూట్లో బల్బు

ముత్యాలప్ప సామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. అహంకారం పోవడం ఎలాగని అడిగిన ఒక పెద్దమనిషికి బస్తా శనక్కాయలు ఒలవమని అప్పజెప్పాడు. ఆ పెద్దమనిషి సాయంత్రం దాకా ఒలిచి, తన వేళ్ళు తాను చూసుకుని, మళ్ళీ ఆ ఊరి ముఖం చూడలేదు. ఆయన అహంకారం సంగతి నాకు తెలియదు గానీ, ఆ వారమంతా సామి ఇంట్లో శనక్కాయ చట్నీకి లోటు లేకపోయింది.

సామి సన్యాసి కాడు. కదిరి వైపు ఒక చిన్న ఊళ్ళో నాటుకోళ్ళు పెంచి బతికేవాడు. ఒక్కరోజు వయసున్న కోడిపిల్లల్ని తెచ్చి, నెల రోజులు లోపలి గదిలో బల్బు వేడి కింద సాకి, ఆ తర్వాత పెరట్లో గూటికి మార్చేవాడు. సోమవారం సాయంత్రాలు ఆయన వరండాలో పదిమందిమి చేరి తత్వాలు పాడుకునేవాళ్ళం. కోళ్ళవాడు గురువేమిటని నవ్వేవాళ్ళు ఉండేవారు. మాలో సగంమందిమి మొదట్లో అలా నవ్వినవాళ్ళమే.

ఒక సోమవారం పాటలు అయిపోయి అందరూ లేస్తుంటే, ఓబుళమ్మ లేవలేదు. ఈమె మా ఊరి మనిషే. మధ్యలో ఉన్న వాగును మేము వంక అంటాం. ఆ వంక దాటితే మా ఊరు, సామి ఊరికి రెండు మైళ్ళు. భర్త లేడు, ఒక్కతే కూతురు, పేరు హేమావతి. ఆ పిల్లకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. నాలుగేళ్ళుగా మాత్రలు మింగుతోంది, నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. అనంతపురంలో నర్సు చదువుకు సీటు వచ్చింది. హాస్టల్లో ఉండొచ్చునని డాక్టరు కూడా రాసిచ్చాడు. మళ్ళీ సోమవారానికి చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"నేనూ దాని వెంట పోతా సామీ," అంది ఓబుళమ్మ. "హాస్టలు పక్కనే ఒక రూము చూసుకుంటా. ఇడ్లీలు పోసుకోనన్నా బతుకుతా. దినామూ కంటితో చూసుకుంటే చాలు నాకు. ఆ పిల్లేమో నువ్వొస్తే నేను చేరనే చేరనంటాది. బిడ్డ వెంట తల్లి పోతే తప్పేంది సామీ? మీరే చెప్పండి."

నాకు ఆమె మీద జాలి కలిగింది, కొంచెం విసుగూ కలిగింది. ఆ తల్లీకూతుళ్ళ వాదం మా వీధి వీధంతా నెల రోజులుగా వింటోంది. ఆ పిల్ల బావి దగ్గరికి వెళ్తే వెనకే ఈమె, పుస్తకం కొనడానికి వెళ్తే వెనకే ఈమె. పందొమ్మిదేళ్ళ పిల్ల ఇంతవరకూ ఒక్క రాత్రి తల్లి పక్కన తప్ప పడుకోలేదు.

సామి మోకాళ్ళు రుద్దుకుంటూ విన్నాడు. విని, "పిల్లలకు నెల దాటింది ఓబుళమ్మా. బయటికి మార్చాల. కిందికి వంగితే లేచేదానికి కాలేదు నాకు. ఒక నాలుగు దినాలు వచ్చి ఆ పని చేసిపెట్టి పో," అన్నాడు.

ఆమె ముఖం మాడిపోయింది. అయినా మంగళవారం పొద్దున్నే వచ్చింది.

పని ఎలా చేయాలో సామి వివరంగా చెప్పాడు. మొదటి రోజు పగలు బల్బు ఆర్పాలి, చీకటి పడ్డాక వెయ్యాలి. రెండో రోజు ఎండ బాగా వచ్చాక పిల్లల్ని ఒక గంట పెరట్లో వదిలి మళ్ళీ లోపల వెయ్యాలి. మూడో రోజు పొద్దు వాలేదాకా బయటే ఉంచాలి. నాలుగో రోజు సాయంత్రం ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, పొట్ట కింద నోటితో ఊది చూడాలి. మెత్తటి నూగు పోయి ఈకలు మూసుకుని ఉంటే వాటి వేడి వాటికి చాలు, కొత్త గూట్లో వెయ్యాలి, అక్కడ బల్బు ఉండదు. ఇంకా నూగు ఉన్నవి ఏవైనా ఉంటే లోపలి గదికే తిరిగి తేవాలి.

"అరుస్తాయి," అన్నాడు చివర్లో. "కొత్త చోటు కదా, అరుస్తాయి. నువ్వు పొట్ట చూడు."

ఓబుళమ్మ చేతి పని చూడముచ్చటగా ఉంటుంది. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. మొదటి మూడు రోజులూ సామి చెప్పిన మాట దాటలేదు. పిల్లల కింద పరిచిన శనక్కాయ పొట్టు మార్చింది, నీళ్ళ గిన్నెలు తోమింది. రెండో రోజు పిల్లల్ని గడప దగ్గర వదిలినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ముప్పై పిల్లలూ గడప మీద వరసగా నిలబడి, నేల వంక చూస్తూ ఒక్కటీ దిగలేదు. చివరికి ఒక ఎర్రపిల్ల ఈగ వెంటపడి పొరపాటున మట్టిలో పడింది. పడ్డాక తన కాళ్ళకు తగిలిందేమిటో అర్థంకాక కాసేపు కదలకుండా నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా గీరడం మొదలుపెట్టింది. అంతే, మిగతావన్నీ తోసుకుంటూ దిగాయి. కాకి నీడ పడితే మళ్ళీ అన్నీ ఓబుళమ్మ చీర కుచ్చిళ్ళలోకి పరుగెత్తాయి. ఆమె నవ్వింది. ఆమె నవ్వడం నేను చాలా రోజులకు చూశాను.

సాయంత్రం బస్సుకు ఇంటికి వెళ్ళి, పొద్దున బస్సుకు వచ్చేది. పగలంతా హేమావతి ఇంట్లో ఒంటరిగానే ఉందన్న సంగతి ఆమె గమనించిందో లేదో నాకు తెలియదు. నేను గమనించలేదు.

శుక్రవారం నాలుగో రోజు. మధ్యాహ్నం రెండింటికి మబ్బు పట్టి, మూడింటికి వాన దిగింది. మా వైపు అలాంటి వాన ఐదారేళ్ళకొకసారి వస్తుంది. సాయంత్రానికి వంక పారింది. వంక పారితే మాకు పండగే. ఊళ్ళో ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పట్టుకుని గొడుగుల కింద చూడటానికి వెళ్ళారు. బస్సు అవతలి గట్టునే నిలిచిపోయింది. ఆ నీళ్ళను తిట్టుకున్న మనిషి ఊరు మొత్తం మీద ఓబుళమ్మ ఒక్కతే. ఇంటికి పోయే దారి లేదు. ఏదో పని మీద వచ్చి నేనూ చిక్కుకుపోయాను.

చీకటి పడేలోగా ఆమె కూతురికి ఫోను చేసింది. చీకటి పడ్డాక మళ్ళీ చేసింది. మాత్ర వేసుకున్నావా, తలుపు గడియ పెట్టినావా, పొయ్యి ఆర్పినావా, పక్కింటి లచ్చుమక్కను పిలుచుకున్నావా. ఎనిమిది గంటలకు చేసినప్పుడు ఆ పిల్ల గొంతు వరండాలో ఉన్న నాకు కూడా వినిపించింది.

"అమ్మా, మాత్ర ఏసుకుంటి. గడియ పెడితి. అన్నం చల్లారిపోతాంది, పెట్టేయ్. నేను తినేసి పడుకుంటా. ఇంక చేయొద్దు."

ఓబుళమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెరట్లో కొత్త గూట్లోంచి పిల్లల అరుపులు వస్తున్నాయి. వాన దిగగానే హడావుడిగా వాటిని గూట్లోకి తోసేసింది, ఒక్కదాని పొట్ట కూడా చూడలేదు. కాసేపు విని, లేచి, "రెడ్డప్పా, వైరు ఏమన్నా ఉందా?" అని నన్ను అడిగింది.

సామి వద్దన్న పని అని నాకు తెలుసు. కానీ ఆమె కళ్ళు చూశాక వద్దనడానికి నోరు రాలేదు. అటక మీద వెతికి వైరు ఇచ్చింది నేనే. లోపలి గదిలో బల్బు ఊడదీసి, వైరు లాగి, గూటి కప్పుకు తానే కట్టింది. గూట్లో వెలుగు పడగానే అరుపులు ఆగిపోయాయి. పిల్లలు బల్బు కిందికి చేరి ఒకదానికొకటి అతుక్కున్నాయి. సామి కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. చూసి, వెళ్ళి పడుకున్నాడు.

తెల్లవారుజామున గాలికి ఎక్కడో తీగ తెగి కరెంటు పోయింది. మేము లేచేసరికి వాన వెలిసింది. గూడు తలుపు తీసిన ఓబుళమ్మ అక్కడే కూలబడిపోయింది.

బల్బు ఆరిపోయాక పిల్లలు దాని కింది నుంచి కదల్లేదు. వేడి తగ్గే కొద్దీ, అంతకు ముందు వేడి దొరికిన ఆ చోటికే ఇంకా ఇంకా తోసుకున్నాయి, ఒకదాని మీదొకటి ఎక్కాయి. అడుగున పడ్డ ఏడు పిల్లలు ఊపిరాడక చచ్చిపోయి ఉన్నాయి. బల్బు కింద చోటు దొరకని ఐదు బక్కపిల్లలు మాత్రం మూలన పొట్టులో గుంట చేసుకుని, ఈకలు ఉబ్బించుకుని, హాయిగా కూర్చుని ఉన్నాయి. మమ్మల్ని చూసి మేతకు వచ్చాయి.

ఆ చిన్న శరీరాల్ని ఒక్కొక్కటిగా గంపలోకి తీశాను. వైరు ఇచ్చిన చేయి నాదే కదా. నా మీద నాకు వచ్చిన కోపం పోయి సామి మీద పడింది. "మీరు చూశారు. చూసి కూడా చెప్పలేదే? ఏడు ప్రాణాలు పోయినాయి," అన్నాను. గురువుతో అలా మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

"చూసినా," అన్నాడు సామి. "తీసెయ్యమని చెప్పాలనే లేస్తి. రాత్రి ఆమె చేతిలో అదొక్కటే ఉండె రెడ్డప్పా. లాక్కునేదానికి చేతులు రాలేదు. తప్పు నాది కూడా." ఆయన నోట ఆ మాట వింటాననుకోలేదు, నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఎనిమిదిన్నరకు వంకలో నీళ్ళు మోకాళ్ళ దాకా తగ్గాయి. చెప్పులు చేతిలో పట్టుకుని, పావడా తడుపుకుని, హేమావతి నడిచి వచ్చింది. ముఖం కడుక్కుని, జడ వేసుకుని, తల్లికి ఉప్మా డబ్బా కూడా తెచ్చింది. ఓబుళమ్మ ఆ పిల్లను తల నుంచి కాళ్ళ దాకా తడిమింది.

"ఏమీ కాలేదమ్మా," అంది హేమావతి. "రాత్రి బాగానే పడుకుంటి. పొద్దున అలారం పెట్టుకోని లేస్తి."

ఓబుళమ్మ ఆ మాట విన్నట్టు లేదు. గంప వంక చూపిస్తూ సామి వైపు తిరిగింది. ఆమె గొంతు పూర్తిగా మారిపోయింది.

"చూస్తిరి కదా సామీ, బయట పెడితే ఏమాయెనో. తల్లి లేని పిల్లలు, వాన రాత్రి, ఏడు పాయె. ఇంక నాకు ఎవురూ ఏమీ చెప్పొద్దు. పోతే దాని వెంట నేనూ పోతా. వొద్దంటే అదీ పోదు. ఆ సీటు ఎవరికి ఇచ్చుకుంటారో ఇచ్చుకోనీ."

హేమావతి ఉప్మా డబ్బా గట్టు మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. ఆ పిల్ల భుజాలు కదులుతున్నాయి. పన్నెండేళ్ళ చదువు అంతటితో ఆగిపోతుందని ఆ క్షణంలో నేను నిజంగానే అనుకున్నాను.

సామి గోడ పట్టుకుని మెల్లగా వంగాడు. మేస్తున్న పిల్లల్లో ఒకదాన్ని పట్టి ఓబుళమ్మ చేతిలో వెల్లకిలా పెట్టాడు. "ఊదు," అన్నాడు.

ఆమె ఊదింది. నూగు లేదు. ఈక మీద ఈక చక్కగా మూసుకుని ఉంది, కింద చర్మం కూడా కనబడలేదు.

ఇంకొకటి ఇచ్చాడు. దానికీ అంతే. మూలన పడుకున్న ఐదు బక్కపిల్లల్లో ఒకదాన్ని ఇచ్చాడు. దానికీ అంతే. ఆమె ఒక్కొక్కదాన్నీ ఊది కింద వదులుతోంది. ఇరవై మూడు పిల్లల్లో ఒక్కదానికైనా పొట్ట కింద నూగు కనబడలేదు. ఆ తర్వాత సామి గంపలో చెయ్యి పెట్టి, చచ్చిపోయిన పిల్లను ఒకదాన్ని తీసి, ఆమె రెండు చేతుల్లో పెట్టాడు.

"దీన్ని కూడా."

ఓబుళమ్మ దాన్ని చూస్తూ చాలాసేపు ఊదలేకపోయింది. చివరికి ఊదింది.

ఇక్కడొక సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ తర్వాత సామి అన్న మాట దాటి నాకు చెప్పడం చేతకాదు. సోమవారం పొద్దున ఏడింటి బస్సుకు హేమావతి ఒక్కతే వెళ్ళింది. ఓబుళమ్మ పెట్టె బస్సులో పెట్టి, హాస్టల్లో పక్క మంచం పిల్లకు ఇమ్మని, ఫిట్స్ వస్తే ఏం చేయాలో డాక్టరు చెప్పినదంతా నాతో రాయించిన కాగితం కూతురి చేతిలో పెట్టి, కిందికి దిగింది. బస్సు కదలబోతుండగా కండక్టరును ఆపి ఏదో చెప్పబోయింది, చెప్పకుండానే వెనక్కి తిరిగింది.

ఆ శనివారం పొద్దున మాత్రం ఆమె ఇంకా చచ్చిన పిల్లను చేతుల్లో పట్టుకునే నిలబడి ఉంది. దాని పొట్ట కింద కూడా ఈకలు నిండుగా ఉన్నాయి. సామి ఆ ఈకల్ని వేలితో ఒకసారి సవరించి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"మరి ఆ బల్బు ఎవరికి కట్టినావు తల్లీ?"