గూడ్సు పెట్టెలకి గవరయ్య రాసిన అక్షరాలు

దేవరమెట్ట రైలు స్టేషన్ చుట్టుపక్కల గవరయ్య ఇంటివాళ్ళకున్నంత తెలివి ఇంకెవరికీ లేదు. ఈ మాట అందరికీ చెప్పింది గవరయ్యే. వాడు చెబుతుంటే పెళ్ళాం నూకాలు తలూపేది. తమ్ముడు పైడయ్య అయితే మెడ పట్టేసేదాకా ఊపేవాడు.

అది సంస్థానం వారి రైలు. గూడ్సు పెట్టెల మీద అక్షరాలు రాసి సరుకు ఎక్కించే పని ఈ ముగ్గురికీ దొరికింది. మొదటి రోజే స్టేషన్ మాస్టారు వరదాచారిగారు విడమరిచి చెప్పారు.

"కప్పున్న పెట్టెకి 'మూ' అని రాయాలి. మూసిన పెట్టె అన్నమాట. ఉప్పు, బియ్యం అందులో వెయ్యాలి. కప్పు లేనిది తెరిచిన పెట్టె, దానికి 'తె'. అందులో బొగ్గు. పశువుల పెట్టెకి 'ప'. తెలిసిందా?"

"ఈపాటి తెలీకపోడానికి మేమేమైనా వెర్రోళ్ళమా బాబూ?" అని నవ్వాడు గవరయ్య.

మర్నాడు ఉప్పు బస్తాలొచ్చాయి. పైడయ్య 'మూ' పెట్టె తలుపు తియ్యబోయాడు. గవరయ్య గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, అది మూసిన పెట్టెరా! తెరిస్తే సంస్థానం వారి రాత అబద్ధమైపోదూ?"

అంతే. ఉప్పంతా 'తె' పెట్టెలో వేశారు. మధ్యాహ్నం కుండపోత వాన. ఇంకేముంది, పట్టాల వెంబడి ఉప్పునీళ్ళు కాలవ కట్టాయి. పులుసులోకి పనికొస్తాయని నూకాలు కుండ పట్టింది.

మాస్టారు నెత్తి బాదుకున్నారు. "రేపు ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారు. ఇంకొక్క తప్పు జరిగిందో, మీ ముగ్గురి ఉద్యోగాలతోపాటు నాదీ ఊడుతుంది!"

గవరయ్య చెంపలేసుకున్నాడు. ఇక ప్రాణం పోయినా మాస్టారి మాట జవదాటకూడదనుకున్నాడు.

తెల్లారేసరికి సంతకి పోవాల్సిన పన్నెండు గేదెలొచ్చాయి. చూస్తే 'ప' పెట్టె ఒక్కటీ లేదు. మాస్టారు హడావిడిగా వచ్చి, "అక్కడ ఖాళీగా ఉన్నవాటి మీద 'ప' రాసి, బండికి తగిలించి పంపెయ్యండి!" అని లోపలికి పోయారు.

గవరయ్య అటూ ఇటూ చూశాడు. పెట్టెలన్నిటి మీదా ఏదో ఒక అక్షరం ఉంది. ఏ రాతా లేకుండా ఖాళీగా ఉన్నవి గేదెలే! అంతే, కుంచె సున్నంలో ముంచాడు. నల్లటి ఒంటి మీద తెల్లటి 'ప' మిలమిలా మెరిసింది.

"మావా, ఇప్పుడియ్యి పశువుల పెట్టెలు గదా, మరి పశువులేయి?" అంది నూకాలు.

"లోపలుంటాయే. తలుపు తియ్యకు, పారిపోతాయి."

పన్నెండింటినీ తాళ్ళతో బండి చివర తగిలించారు. ఇంజను కూత పెట్టింది. ఇంకేముంది! తాళ్ళు తెంపుకుని పెట్టెలన్నీ తోకలెత్తి పరిగెత్తాయి. అవి తలో చోటా సర్దుకునేసరికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు.

"పశువుల పెట్టెలెన్నున్నాయి?"

"పన్నెండండి," గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "రెండు మేతకెళ్ళాయి. మూడు బురదలో పడుకున్నాయి. ఏడు మాస్టారుగారి గదిలో ఉన్నాయండి."

ఇన్‌స్పెక్టరుగారు బెంచీ మీద కూలబడ్డారు. మాస్టారు ఆ పక్కనే చతికిలబడి కళ్ళు మూసుకున్నారు.

"దేవుడా! నా నుదుట ఏం రాసిపెట్టావయ్యా!"

గవరయ్య వంగి, పరీక్షగా చూశాడు. నుదురంతా బోసిగా ఉంది. వాడు కుంచె అందుకున్నాడు.

"ఏమీ రాయలేదు బాబూ! అందుకే మీకిన్ని తిప్పలు. కదలకండి, నేను రాస్తాను. పైడయ్యా, లోపలేముందిరా?"

"పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదన్నా."

అయితే ఖాళీయే. నుదుట 'ఖా' అని గుండ్రంగా రాశాడు. ఖాళీ పెట్టెని బయల్దేరిన చోటికే తిప్పి పంపాలని గోడ మీద రూలుంది మరి.

"బాబూ, తమరు బయల్దేరిందెక్కడ్నించండీ?"

"మా అమ్మ కడుపులోంచిరా!" గావుకేక పెట్టారు మాస్టారు.

గవరయ్య ముఖం వెలిగిపోయింది.

"ఒరే పైడయ్యా, మాస్టారి అమ్మగారికి తంతి కొట్టించు! ఖాళీ పెట్టె తిరిగొస్తోంది, చోటు చూసి ఉంచమను!"