కేక మరిచిన కొండముచ్చు

అనగనగా ఒక కొండ అడవిలో, ఘాట్ రోడ్డు మలుపు దగ్గర, పోచయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. ఆ అడవికి అతనే కాపలా. తెల్లవారగానే ఎత్తైన చెట్టెక్కి కూర్చునేవాడు. చిరుతపులి కనిపిస్తే గట్టిగా కేక వేసేవాడు. కింద మేస్తున్న దుప్పులు ఆ కేక విని పరుగు తీసేవి.

"నువ్వు పైన ఉన్నావంటే మాకు నిశ్చింత అన్నా" అనేది చుక్కమ్మ అనే దుప్పి.

ఒకరోజు రోడ్డు మీద కారు ఆగింది. ఎవరో చిప్స్ ప్యాకెట్ విసిరారు. ఆ రుచి పోచయ్యకు తెగ నచ్చింది. మర్నాటి నుంచి రోడ్డు పక్క గోడ మీదే మకాం. పళ్లూ చిగుళ్లూ మానేశాడు. చెట్లెక్కడం మానేశాడు. రాత్రిపూట లారీల్లోంచి ఎవరేం విసురుతారా అని చూస్తూ నిద్ర కూడా మానేశాడు. చుక్కమ్మ పలకరిస్తే, "తర్వాత మాట్లాడదాం చెల్లీ" అనేవాడు.

కొన్నాళ్లకు, ఇదివరకు రోజూ పళ్లు తిన్న మేడిచెట్టుకు దారి మరిచిపోయాడు. ఇంకొన్నాళ్లకు సొంత తమ్ముణ్ణి పట్టుకుని "నీ పేరేంటి?" అని అడిగాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వేశాడు.

ఒక సాయంత్రం గడ్డిలో చిరుత పాకుతూ వచ్చింది. పోచయ్య చూశాడు. నోరు తెరిచాడు. కేక ఎలా వేయాలో గుర్తు రాలేదు. చిరుత దూకింది. చుక్కమ్మ పిల్ల వెంట్రుకవాసిలో తప్పించుకుంది గానీ, తొడ మీద పంజా గీరుకుపోయింది.

పోచయ్య తల దించుకుని చుక్కమ్మ దగ్గరకు వెళ్లాడు. "తప్పు నాదే చెల్లీ. నా బుర్రకేదో అయింది."

చుక్కమ్మ తన పిల్ల గాయాన్ని నాకి శుభ్రం చేసింది. తర్వాత, "వైద్యం తెలిసిన ఎలుగు తాత దగ్గరకు పోదాం పద" అంది.

తాత పోచయ్య కళ్లు చూశాడు, నాలుక చూశాడు.

"మందేమైనా ఇస్తావా తాతా?"

"మందెందుకురా? బుర్ర కూడా ఒంట్లో భాగమే. పళ్లూ ఆకులూ తిను. రోజూ చెట్లెక్కు. చీకటి పడగానే పడుకో. నలుగురితో కబుర్లాడు."

"ఇంతేనా?"

"ఇంతే. రోజూ చెయ్యడమే కష్టం."

నిజంగానే కష్టమైంది పిల్లలూ. మొదటి రోజు సగం చెట్టుకే ఆయాసం వచ్చింది. రెండో రోజు కారు హారన్ వినగానే కాళ్లు రోడ్డు వైపు లాగాయి. చుక్కమ్మ అడ్డం నిలబడి, "ముందు మా పిల్లదానికి ఒక కథ చెప్పి వెళ్లన్నా" అంది. కథ అయ్యేసరికి కారు వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యేసరికి పోచయ్య చిటారుకొమ్మ మీద ఉన్నాడు. ఒక పొద్దున పొద వెనుక చిరుత తోక కదిలింది. అతని గొంతులోంచి కేక దానంతటదే వచ్చింది. దుప్పులన్నీ క్షణంలో మాయమయ్యాయి. చిరుత మొహం వేలాడేసుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి చుక్కమ్మ పిల్ల చెట్టు కిందకి వచ్చి తలెత్తింది.

"మామా, ఈసారి కాస్త మెల్లిగా అరువు. నా చెవులు ఇంకా గుయ్యిమంటున్నాయి."

పోచయ్య కడుపుబ్బ నవ్వాడు.

నీతి: మంచి తిండి, కంటినిండా నిద్ర, ఒంటికి పని, నలుగురితో మాట ఉంటేనే బుర్ర చురుగ్గా ఉండి, అవసరానికి ఆదుకుంటుంది.