ముళ్లపందికి కుట్టిన గౌను

అనగనగా ఒక అడవిలో, ఒంటినిండా బొచ్చున్నా సరే దానిమీద ఇంకో చొక్కా తొడిగితేగానీ గడప దాటని జంతువులుండే అడవిలో, బుల్లెమ్మ అని ఒక కుట్టుపిట్ట ఉండేది. నవ్వకండర్రా. ఆ అడవిలో బట్టల పిచ్చి అలాంటిది.

కుట్టుపిట్ట అంటే తెలుసుగా? ఇంతుంటుంది, నా బొటనవేలంత. ముక్కు సూదిలా ఉంటుంది. ఆ ముక్కుతో ఆకుకి చిల్లు పొడిచి, సాలీడు దారం దూర్చి, రెండాకులు కలిపి కుట్టేస్తుంది. మిగతా కుట్టుపిట్టలు అలా గూళ్లు కుట్టుకుంటాయి. బుల్లెమ్మ గౌన్లూ చొక్కాలూ కుట్టేది. ఆకులకి తోడు బూరుగు దూది, మోదుగపూల రంగు. ఆ పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం.

అడవిలో కుట్టుపని చేసే పిట్టలన్నీ నెమలిగారి దగ్గర కొలువులో చేరిపోయాయి. బుల్లెమ్మ ఒక్కతే చేరలేదు. "తిన్నా పస్తున్నా నాకు తోచిందే కుడతాను, నాకు నచ్చినవాళ్లకే కుడతాను" అనేది. మూతి చూస్తే ఇంత, పొగరు చూస్తే అంత. ఆ పొగరంటే నాకిష్టమే, అబద్ధమెందుకు.

ఆ అడవిలో ఏటా చిగుళ్లేసే రోజుల్లో ఒక జాతర జరిగేది. నల్లబండ మీద ఒక్కొక్కరే కొత్త బట్టలు వేసుకుని నడవాలి, చుట్టూ అడవంతా కూర్చుని చూడాలి. మీరు టీవీలో చూసే ఫ్యాషన్ షో లేదూ, అదే అనుకోండి. దానికి పెద్ద నెమలిగారే. ఎవరు నడవాలో, ఎప్పుడు నడవాలో ఆయనే చెప్పాలి.

ఆ ఏడు బుల్లెమ్మ ఒక సంగతి ఆలోచించింది. జింకకి అందరూ కుడతారు, కుందేలుకి అందరూ కుడతారు. ఎవరూ కుట్టనివాళ్లకి నేను కుడితే?

అలాంటివాళ్లు ముగ్గురు దొరికారు. ఒకడు రాబందు తాత. మెడమీద ఒక్క ఈక లేదని పక్కన ఎవరూ కూర్చోరు. ఇంకొకడు ఉడుము. పొట్ట నేలకి రాసుకుపోతూ నడుస్తాడు, ఏ చొక్కా వేసినా పూటలో చిరుగుతుంది. మూడోది సూరమ్మ అనే ముళ్లపంది.

సూరమ్మ సంగతి చెప్పాలి మీకు. పెళ్లిళ్లకి పిలిస్తే వెళ్లేది. వెళ్లి దూరంగా ఒక మూల నిలబడేది. "కాస్త అటు జరుగమ్మా, గుచ్చుకుంటాయి" అనిపించుకుని, "అలాగేనమ్మా" అని జరిగేది. జరిగి జరిగి ఆఖరికి పందిరి బయటికి వచ్చేసేది. పాపం, ఒక్కనాడు కోపం తెచ్చుకోలేదు.

బుల్లెమ్మ దాని దగ్గరికి వెళ్లి, "సూరమ్మక్కా, నీకు గౌను కుడతాను, జాతరలో వేసుకుని నడుస్తావా?" అంది.

సూరమ్మ అటూ ఇటూ చూసింది. "నన్నేనా?" అంది.

"నిన్నే."

"ఎగతాళి చెయ్యకే తల్లీ."

"ఎగతాళి అయితే ఇంత దూరం ఎగిరొస్తానా? కదలకుండా నిలబడు, కొలతలు తీసుకోవాలి" అని బుల్లెమ్మ ఎగిరి దాని వీపుమీద వాలింది. ముళ్ల మధ్యన, ముళ్లు తగలకుండా. సూరమ్మ ఊపిరి బిగబట్టింది. తన పిల్లలు తప్ప దాని ఒంటిమీద ఎవరైనా వాలడం అదే మొదలు.

ముళ్లపందికి గౌను కుట్టడమంటే మాటలా? ముల్లుముల్లుకీ ఒక కన్నం వదలాలి. అదీ గుండ్రటి కన్నం పనికిరాదు. ముళ్లపందికి భయమేస్తే ముళ్లు లేచి నిలబడతాయి. పడుకున్న ముల్లుకీ లేచిన ముల్లుకీ రెంటికీ సరిపోయేలా పొడుగ్గా కొయ్యాలి.

"అక్కా, ఒక్కసారి భయపడు" అంది బుల్లెమ్మ.

"ఊరికే భయపడమంటే ఎలా పడతానే?"

"అదిగో పులి!"

సూరమ్మ ముళ్లన్నీ జలజలా లేచి నిలబడ్డాయి. బుల్లెమ్మ ముక్కున బొగ్గుముక్క పట్టుకుని ఆ ముల్లు దగ్గరా ఈ ముల్లు దగ్గరా గబగబా గుర్తులు పెట్టేసింది. ఆ హడావిడిలో ఒక ముల్లు దాని రెక్క కింద దిగింది. నెత్తురు చుక్క ఆకు మీద పడింది.

సూరమ్మ అది చూసి, "అయ్యయ్యో, గుచ్చేశానా? వద్దమ్మా, మానేద్దాం. నా బతుకే అంత" అని పక్కకి జరగబోయింది.

"కన్నం వంకర పోతుందక్కా, కదలకు" అంది బుల్లెమ్మ. అంతే అంది.

అలా రెండు నెలలు. రోజూ బుల్లెమ్మ నిజంగా చూసినట్టు "అదిగో పులి" అనడం, ఈవిడ ఉలిక్కిపడటం, ఇద్దరూ పడీపడీ నవ్వుకోవడం. నూట పన్నెండు కన్నాలు కుట్టింది బుల్లెమ్మ. ప్రతి కన్నానికీ అంచు మడిచి చిన్న కుట్టు. గౌను తొడుక్కుని సూరమ్మ నీళ్లలో చూసుకుంది. ముళ్లు ఆకుల్లోంచి వరసలు వరసలుగా, ఎవరో కావాలని అలంకారానికి పెట్టినట్టే ఉన్నాయి. సూరమ్మ ఏడ్చేసింది.

రాబందు తాతకి దూదితో మెత్తటి మెడపట్టీ అయింది. ఉడుముకి పొట్టకింద గట్టి బెరడు అతికిన చొక్కా అయింది. ఇక జాతరే తరువాయి.

జాతరకి నాలుగు రోజుల ముందు నెమలిగారు వచ్చారు. బట్టలన్నీ ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశారు.

"అమ్మాయ్, పని చూస్తే నా దగ్గరున్న పిట్టలన్నీ నీ ముందు దిగదుడుపే" అన్నారు. బుల్లెమ్మకి కాళ్లు నేలమీద ఆనలేదు.

"ఇంతకీ వీటిని వేసుకుని నడిచేదెవరు?"

"రాబందు తాత, ఉడుమూ, సూరమ్మక్కా."

నెమలిగారు మూతి ముడిచారు. "వాళ్లనే నడిపిస్తానంటే నేను కాదనను. తెల్లారగానే నడిపించుకో. అప్పటికి ఇంకా ఎవరూ వచ్చి కూర్చోరులే. అలా కాకుండా ఇవే బట్టలు మా జింకపడుచులకి తొడిగావనుకో, మధ్యాహ్నం ఏనుగు దొరసానీ, సింహంగారూ అందరూ ఉన్న వేళ, అందరికన్నా ఆఖరున నీ చోటు. ఆఖరున వచ్చిందే గుర్తుంటుంది కదా. నీ ఇష్టం."

చూశారా, బలవంతం చెయ్యలేదు. అదే నాకు కడుపు మండే సంగతి. బెదిరించి ఉంటే నెమలిగారిని తిట్టుకుని ఊరుకునేదాన్ని. "నీ ఇష్టం" అన్నాడు. నిర్ణయం మన బుల్లెమ్మ చేతిలో పెట్టాడు.

బుల్లెమ్మ ఆ రోజంతా కొమ్మ మీద కూర్చుని ఆలోచించింది. 'ఈ ఒక్కసారికే కదా. నలుగురి కళ్లల్లో పడితే వచ్చే ఏడు వాళ్లనే నడిపిస్తాను. సూరమ్మక్క మంచిది, చెప్తే అర్థం చేసుకుంటుంది' అనుకుంది. అనుకుని, జింకలకే తొడుగుతానని నెమలిగారికి కబురు పంపేసింది.

సరే, మాట ఇచ్చేశాక సూరమ్మకి చెప్పాలా వద్దా?

మొదటి రోజు చెబుదామని వెళ్లింది. సూరమ్మ ఒక రాతిమీద ఆ చివర్నించి ఈ చివరిదాకా నడక నేర్చుకుంటోంది. "ఇలా మెల్లగా నడవనా, ఇంకాస్త ఠీవిగానా?" అని అడిగింది. బుల్లెమ్మ, "ఇలాగే బాగుందక్కా. కుట్టు ఒకచోట సరిచెయ్యాలి, గౌను ఇటివ్వు" అని పట్టుకొచ్చేసింది.

రెండో రోజు వెళ్లింది. సూరమ్మ ఎదురొచ్చి, "మా అత్తగారికి కబురు పెట్టానే. ఆవిడా, మా ఆడపడుచులూ, మొత్తం పద్నాలుగు మంది వస్తున్నారు. మా ముళ్లపందుల్లో నల్లబండ ఎక్కినవాళ్లు ఇంతవరకూ లేరు కదా" అంది. బుల్లెమ్మ, "అలాగా, సంతోషం" అని వచ్చేసింది.

మూడో రోజు వెళ్లింది. సూరమ్మ ఏటి ఒడ్డున ముల్లు ముల్లూ ఇసకతో తోముకుంటోంది. బుల్లెమ్మ పొదచాటు నుంచే చూసి వెనక్కి తిరిగింది. ఏం చెప్తుంది? మొహం చెల్లొద్దూ?

జాతర రోజు రానే వచ్చింది. పొద్దున్నే బుల్లెమ్మ జింకకి గౌను తొడిగి చూసింది. నున్నటి ఒంటిమీద ఆ కన్నాలు వెర్రిగా నోళ్లు తెరుచుకున్నాయి. జింక చిరాకుపడి, "ఇదేంటి, చిరిగినదిచ్చావు?" అంది. చేసేదేముంది? కూర్చుని కన్నాలన్నీ ఒక్కొక్కటే మూసి కుట్టేసింది. రెండు నెలలు చేసిన పని ఒక్క పూటలో మూసేసింది. ముక్కు నొప్పెట్టినా ఆగలేదు.

మధ్యాహ్నానికి నల్లబండ చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. సూరమ్మ, దాని పద్నాలుగు మంది చుట్టాలూ అందరికన్నా వెనక, ఎవరికీ గుచ్చుకోకుండా ఎడంగా కూర్చున్నారు. రాబందు తాతా, ఉడుమూ వాళ్ల పక్కనే. "ఇంకా పిలవలేదేమే?" అంటోంది అత్తగారు. "ఆఖర్న మనదే అత్తయ్యా. అందరూ అదే చెప్పుకుంటున్నారు, ఆఖరు బుల్లెమ్మదేనట. గౌను అప్పుడే తెచ్చి తొడుగుతుంది కాబోలు" అంది సూరమ్మ.

ఆఖరు వచ్చింది. మూడు జింకలు బండెక్కాయి.

జనం కేరింతలు కొట్టారు. ఏనుగు దొరసాని తొండం ఎత్తి, "ఆహా, ఆ మధ్య జింకపిల్ల కళ్లు చూశారూ?" అంది. "నడుము చూడండి" అంది నక్క. "ఇంతకీ ఏం వేసుకుంది?" అని ఎవరో అడిగితే, "ఏదో పచ్చగా ఉందిలెండి" అంది ఏనుగు దొరసాని. బండపక్క కొమ్మ మీద కూర్చున్న బుల్లెమ్మ ఆ మాట వింది. జింక గోనెపట్టా కట్టుకొచ్చినా అంతే చప్పట్లు కొట్టేవాళ్లు. జింక వైపు చూశారు గానీ కుట్టు వైపు ఒక్కరూ చూడలేదు.

చూసింది వెనక కూర్చున్నవాళ్లే. మెడపట్టీ చూసి రాబందు తాత ఎగిరిపోయాడు. ఉడుము మెల్లగా పొదలోకి జారుకున్నాడు. సూరమ్మ మాత్రం కదల్లేదు. దాని చిన్నపిల్ల గట్టిగా అడిగేసింది. "అమ్మా, అది నీ గౌను కదే?"

జనం వెనక్కి తిరిగారు. బుల్లెమ్మ కొమ్మ చాటుకి నక్కింది. ఇప్పుడు సూరమ్మ తిడుతుంది, నలుగురిలో పరువు తీస్తుంది అనుకుంది. ఒక్కోసారి అనిపిస్తుంది నాకు, తిట్టినా బాగుండేదని.

సూరమ్మ పిల్లని దగ్గరికి తీసుకుని, "కాదమ్మా. నా గౌనుకి కన్నాలుంటాయి. దానికి లేవు చూడు" అంది.

అని లేచి, అత్తగారి చెయ్యి పట్టుకుని, చుట్టాలందర్నీ తీసుకుని వెళ్లిపోయింది. జనం అటూ ఇటూ జరిగి దారిచ్చారు, గుచ్చుకుంటాయని.

జాతరయ్యాక బుల్లెమ్మ ఇంటిముందు కూర్చుంది. ఎవరైనా వస్తారు, కుట్టమంటారు అని. మూడు రోజులు చూసింది. ఒక్క పురుగు రాలేదు. నాలుగోరోజు నెమలిగారు వచ్చి, "నా తోక ఈకలు ఊడుతున్నాయమ్మాయ్, వచ్చి కుట్టిపెట్టు" అన్నారు. ఆకలి మరి. వెళ్లింది. నెమలిగారి పంచన మిగతా పిట్టల వరసలో పదిహేడోది అయి కూర్చుంది.

అయినా దానికి నిద్రపట్టేది కాదు, తిండి దిగేది కాదు. జింక దగ్గర్నించి గౌను అడిగి తెచ్చుకుని, మూసిన కన్నాలన్నీ మళ్లీ విప్పింది. ఆకు ఎండిపోయి అక్కడక్కడా చిట్లింది. చిట్లినచోటల్లా అతుకులేసింది. తీసుకుని సూరమ్మ ఇంటికి వెళ్లింది.

"అక్కా, తప్పయిపోయింది. ఇది నీదే. కావాలంటే కొత్తది కుడతాను. వచ్చే ఏడు తెల్లారే నడుద్దాం, ఎవరూ లేకపోయినా సరే" అని ఏడ్చింది.

సూరమ్మ గౌను అందుకుంది. కన్నాలు తడిమి చూసింది. మడిచి మళ్లీ బుల్లెమ్మ ముందే పెట్టింది.

"మొదటి రోజే నీకు కుట్టను పోవే అనుంటే, సరేనని నవ్వుకుంటూ పోయేదాన్ని. ఆ మాట నాకు కొత్త కాదు. నువ్వు కుడతానన్నావు. నా వీపు మీద కూర్చున్నావు. గుచ్చుకున్నా ఊరుకున్నావు. అప్పట్నించీ నేనూ అందరిలాంటిదాన్నే అనుకున్నానే. అదే నా బుద్ధితక్కువ."

"అలా అనకక్కా..."

"కోపం లేదులే. మా అత్తగారు మాత్రం రోజూ అడుగుతోంది, ఆ పిట్ట మంచిదన్నావు కదే అని. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు."

బుల్లెమ్మ గౌను తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఏటి దారిలో ఇద్దరూ ఎదురవుతుంటారు. "బాగున్నావా బుల్లెమ్మా?" అని సూరమ్మే ముందు పలకరిస్తుంది. మర్యాదగా పలకరించి, తనే పక్కకి జరిగి, పిట్టకి దారి వదిలి వెళ్లిపోతుంది.

నీతి: ఎవరికోసం పని మొదలుపెట్టామో, నలుగురూ చూసే వేళకి వాళ్లని వెనక్కి నెట్టకూడదు. చేసిన పనిని మళ్లీ చెయ్యొచ్చు గానీ, విరిగిన నమ్మకాన్ని ఎంత పనితనమున్నా కుట్టలేం.