కుందేలు ఉయ్యాలకు బరకం

జీడిమామిడి తోటలు అయిపోయి అసలు అడవి మొదలయ్యే చోట, ఘాట్ రోడ్డుకు కాస్త దిగువన, ముత్తేలు అనే కుందేలు కాపురముండేది. ఆ ఏడు రోహిణి కార్తె ఎండలకు వాగు ఎండి అడుగున గులకరాళ్లు తేలాయి. అడవిలో జీవాలన్నీ వాన కోసం మొహం వాచి ఉంటే, ముత్తేలు ఒక్కతే మబ్బు కనిపించినప్పుడల్లా బెదిరిపోయేది.

దానికి కారణం ఉంది. కిందటేడు వానల్లో తనకు ముగ్గురు పిల్లలు. గడ్డిపొద కింద ఇల్లు. ముసురు పట్టిన మూడో రోజు పొద్దున లేచి చూస్తే ఇద్దరే కదిలారు. అందరికన్నా చిన్నది చలికి బిగుసుకుపోయి ఉంది. ఆ బాధ ముత్తేలు ఎవరి దగ్గరా వెళ్లబోసుకోలేదు గానీ, ఆ రోజు నుంచి నేల మీద నమ్మకం పోయింది. ఈ ఏడు మళ్లీ ముగ్గురు పుట్టారు. పుట్టిన వారానికే గిజిగాడు నారయ్య దగ్గరికి వెళ్లి, బతిమాలి, అల్లిక నేర్చుకుంది. అడ్డతీగ చీల్చి నార తీసి, రెండు మద్దిచెట్ల మధ్య మూరెడెత్తున ఉయ్యాల కట్టింది. కుందేలు గాల్లో కాపురం పెడుతోందని కోతులు నాలుగు రోజులు నవ్వుకున్నాయి.

నవ్వితే నవ్వనీ. కింద తేమ తగలకుండా ఉయ్యాల కుదిరింది. మరి పైన? ఆకులు కప్పి చూసింది. రెండెండలకు ఎండి పొడైపోయాయి. ఇక దారి లేక గవరయ్య దగ్గరికి బయల్దేరింది.

గవరయ్య నక్క. నక్క దగ్గరికి కుందేలు వెళ్లడమేమిటని అడుగుతారేమో. ఆయనకు పళ్లు ఊడి నాలుగేళ్లయింది. రాలిన జీడిమామిడి పళ్లు, వాగులో పీతలు, అదే భోజనం. పళ్లు పోయాక బుర్రను నమ్ముకుని బతకడం మొదలుపెట్టాడు. ఘాట్ రోడ్డు మీదికి పట్నం వాళ్లు వచ్చి, చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాలలు కట్టుకుని, వాటి పైన వాన తగలకుండా టార్పాలిన్ బరకాలు కప్పుకుని, రెండు రోజులు పడుకుని పోయేవారు. పోయేటప్పుడు సగం సామాను మరిచిపోయేవారు. ఆ సగం అంతా గవరయ్య బండ కిందికి చేరేది.

"రావమ్మా కోడలా. ఉయ్యాల కట్టావట గదా, అడవంతా అదే ముచ్చట," అన్నాడు గవరయ్య.

"కట్టాను మావయ్యా. పైకి కప్పు లేదు. తొలకరి రాకముందే ఏదో ఒకటి చూసుకోవాలి. ఇలాంటివి నేనెప్పుడూ ఎంచుకోలేదు, నాకేం తెలీదు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. గవరయ్య మొహం వెలిగిపోయింది.

"నీకు తెలియకపోతే నేను లేనా," అంటూ లేచాడు. ఒక మూల మడతలు పెట్టి ఉన్న పెద్ద నీలం బరకం చూపించాడు. లారీ మీదినుంచి జారిపడిందట. "ఇది ఎలుగుబంట్లకమ్మా. నీవల్ల ఎత్తడమే కాదు." తను పడుకునే చోట పరిచి ఉన్న ఆకుపచ్చ దాన్ని కాలితో పక్కకు నెట్టాడు. "ఇది నా పక్కగుడ్డ. రంగు వెలిసిపోయింది. మన ఇంటి పిల్లకు ఇలాంటిది ఇస్తానా." అప్పుడు లోపలికి వెళ్లి, వెండిరేకులా తళతళలాడే చిన్న బరకం ఒకటి పట్టుకొచ్చి ముత్తేలు ముందు దులిపాడు. "ఇదీ నీకు తగ్గది. తేలిక. మడిస్తే గుప్పెడు. అడవిలో ఇంకోటి లేదు."

ముత్తేలు కళ్లు దాని మీదే నిలిచిపోయాయి. "బదులుగా ఏమివ్వాలి?"

"ఏమిస్తావులే. ఆ చెవులున్నాయి గదా. నాకు ఈ మధ్య వినికిడి తగ్గింది. తోటల్లోంచి కుక్కలొస్తే పక్కకొచ్చేదాకా తెలియడం లేదు. ఈ వానాకాలమంతా పగటిపూట ఇక్కడ బండ మీద కూచుని, కుక్కల అలికిడి వినపడితే చెప్పు. అంతే."

వానాకాలమంతా, పగలంతా పిల్లల్ని వదిలి రావడం. ముత్తేలుకు మనసొప్పలేదు. అయినా తడిసిన పిల్లల పక్కన ఉండడం కన్నా, పొడిగా ఉన్న పిల్లలకు దూరంగా ఉండడం మేలేమో అనుకుంది.

"ముందు సరిపోతుందో లేదో చూసుకోవాలి గదా," అంది.

"చూసుకోకుండా తీసుకుంటావా ఏం. పడుకో, కొలుస్తాను."

ముత్తేలు బండ కింద వెల్లకిలా పడుకుంది. గవరయ్య వెండి బరకాన్ని జాగ్రత్తగా పైన పరిచాడు. "చూసుకో. చెవుల కొస నుంచి తోక దాకా కప్పింది. ఇంకా జానెడు మిగిలింది. నేను చెప్తే నమ్మకు, నీ ఒళ్లే చెప్తుంది."

నిజమే. ఒళ్లంతా కప్పేసింది. బయట వడగాలి కొడుతున్నా లోపల హాయిగా ఉంది. సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అక్కడే ఆగింది. ఈ హాయి తనకు కొత్త కాదు. కిందటేడు ఆ గడ్డిపొదను ఎంచుకున్నదీ ఇలాగే. ముందు తను వెళ్లి పడుకుంది, ఒక జల్లు పడేదాకా ఉంది, వీపు తడవలేదు, బాగుందనుకుంది. పిల్లలు పుట్టాక తను మధ్యలోనే పడుకుంది. పెద్దవాళ్లిద్దరూ కడుపు కిందికి దూరారు. చిన్నదానికి అంచున చోటు మిగిలింది. ఇన్నాళ్లూ వానను తిట్టుకుంది గానీ, కొలత తప్పింది తనదేనని ఆ వెండి బరకం కింద పడుకున్న క్షణంలో మొదటిసారి తెలిసింది. ముత్తేలుకు ఏడుపొచ్చింది. బరకం మొహం మీదే ఉంది కాబట్టి గవరయ్య చూడలేదు.

కాసేపటికి లేచి కూచుంది. "మావయ్యా, మీరు ఇంత గట్టిగా చెబుతున్నారు. నాకేమో భయం. తొలివాన పడే రోజు మా ఉయ్యాలకు ఇది కట్టి, మీరే ఒకసారి పడుకుని చూపిస్తారా?"

"నేనా?"

"తడవకపోతే ఈ ఏడే కాదు, వచ్చే ఏడు వానాకాలం కూడా కాపలా ఉంటాను."

గవరయ్య చెవులు సరిగా వినకపోయినా ఆ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. రెండేళ్ల కాపలా. మీసాలు సవరించుకున్నాడు. "అంతేగా. ఒక్క చుక్క నా మీద పడిందా, నా దగ్గరున్న మూడింటిలో నీకు నచ్చింది ఊరికే పట్టుకుపో. నారయ్యను సాక్షిగా పెట్టుకో."

ముత్తేలు సరేనని వచ్చింది గానీ వాన వచ్చేదాకా ఆ రెండు రోజులూ దానికి గడ్డి సహించలేదు. తన ఊహ తప్పయితే రెండు వానాకాలాల పాటు పిల్లల బాల్యమంతా తను నక్క బండ మీద కూచుని ఉండగానే గడిచిపోతుంది.

మృగశిర ప్రవేశించిన మర్నాడు మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మింది. ముత్తేలు పిల్లల్ని నారయ్య గూళ్ల కింద ఇరుకు తొర్రలోకి చేర్చింది. గవరయ్య వెండి బరకం చంకన పెట్టుకుని వచ్చాడు. తానే ఎక్కి కట్టాడు. నలుగురికీ కనబడాలని బాగా పైకి కట్టాడు. నారయ్య తన గూట్లోంచి తల బయటపెట్టి ఆ ఎత్తుకేసి చూశాడు.

గవరయ్య ఉయ్యాల మధ్యలోకి దూకబోయాడు.

"అక్కడ కాదు మావయ్యా, అది నా చోటు," అంటూ ముత్తేలు ఒక చింతమొద్దును దొర్లించుకొచ్చి మధ్యలో పెట్టింది. "నా బదులు ఇది. మీరు ఈ కాళ్ల వైపు పడుకోండి. మా చిన్నది పడుకునేది అక్కడే."

గవరయ్య ఉయ్యాలను అప్పుడు చూశాడు, నిజంగా చూడడం అదే మొదలు. ముత్తేలు పడుకుంటే మూరన్నరే గానీ, ఉయ్యాల ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగు మూరల పైమాటే. వెండి బరకం నడుమ మీద మాత్రం ఉంది, అటూ ఇటూ ఆకాశం కనబడుతోంది. వెనక్కి తగ్గుదామంటే కొమ్మల మీద కోతులు వరసగా కూచుని ఉన్నాయి. గొంతు సవరించుకుని, ఉన్నంతలో ముడుచుకుని, కాళ్ల వైపు పడుకున్నాడు.

మొదట నాలుగు చినుకులు. తర్వాత గాలి తిరిగి వాన ఏటవాలుగా కొట్టింది. పైకి కట్టిన బరకం కింది నుంచి జల్లు నేరుగా లోపలికి వచ్చింది.

"ఎలా ఉంది మావయ్యా?"

"హాయిగా ఉందమ్మా."

"తోక మీద ఏదో మెరుస్తోంది."

"చెమట. ఉక్కపోస్తోంది గదా."

అది చాలదన్నట్టు మద్దిచెట్టు మాను మీద జారిన నీళ్లు ఉయ్యాల తాడు పట్టుకుని సన్నటి ధారగా దిగి వచ్చి, సరిగ్గా గవరయ్య నడుము కింద మడుగు కట్టాయి. పళ్లు లేని దవడలు టకటకా కొట్టుకున్నాయి. చెమట పట్టినవాడు వణకడమేమిటని ఒక కోతి అడిగింది. గవరయ్య జవాబు చెప్పబోయి తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. మూడో తుమ్ముకు ఉయ్యాలలోంచి కిందికి దూకి, మద్దిచెట్టు మొదట్లో కూలబడ్డాడు. మధ్యలో చింతమొద్దు మాత్రం పొడిగా ఉంది.

"చూశావా, మొద్దు తడవలేదు," అన్నాడు గవరయ్య నసుగుతూ.

"తడవదు మావయ్యా. మీరు కొలిచింది ఆ మధ్య చోటునే."

వాన వెలిశాక ముత్తేలు ఒక తీగతో ఉయ్యాలను కొసా కొసా కొలిచి, రెండు వైపులా ఇంకో జానెడు కలిపి ముడి వేసుకుని, ఆ తీగ పట్టుకుని బండ దగ్గరికి వెళ్లింది. నీలం బరకం చాలా పెద్దది, గాలికి లేస్తే చెట్టునే పీకేలా ఉంది. ఆకుపచ్చ దాన్ని పరిచి కొలిచింది. తీగ సరిగ్గా సరిపోయింది. అంచుల పొడవునా తాళ్లు కట్టుకోవడానికి ఉంగరాలు కూడా ఉన్నాయి. రంగు వెలిసిందే గానీ ఎక్కడా చిరుగు లేదు.

"నా పక్కగుడ్డ తీసుకుపోతున్నావు," అన్నాడు గవరయ్య దిగులుగా. "పోనీలే. కుక్కల సంగతే ఏం చేయాలో తెలియడం లేదు."

ముత్తేలు ఆగింది. "ఉయ్యాలలో పడుకుంటే నేల మీద కన్నా దూరం వినబడుతోంది మావయ్యా. వాగు అవతల కుక్క దగ్గినా తెలుస్తోంది. అలికిడి వినబడితే మానును గట్టిగా తంతాను, ఆ అదురు నేల పట్టుకుని మీ బండ దాకా వస్తుంది. అదేం పెద్ద పని కాదు. మీరు మొదటి రోజే నన్ను ఊరికే అడిగి ఉంటే ఊరికే చేసేదాన్ని."

గవరయ్యకు తడిసినప్పటి కంటే అప్పుడు ఎక్కువ సిగ్గేసింది. పళ్లు పోయాక బేరాలాడి బతకడం అలవాటై, అడిగితే దొరికేవి కూడా ఉంటాయని మరిచిపోయాడు.

ఆ సాయంత్రం నారయ్య దగ్గరుండి కట్టించాడు. గాలి వచ్చే వైపు బరకాన్ని కిందికి లాగి కట్టమన్నాడు. ఉయ్యాల తాడుకు రెండు వైపులా ఒక్కో పీచుముక్క ముడివేసి వేలాడదీయమన్నాడు. "తాడు వెంట వచ్చే నీళ్లు ఆ పీచు పట్టుకుని కిందికి దిగిపోతాయి. మా గూళ్లన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వాన వచ్చింది. ముత్తేలు పిల్లల్ని అప్పుడే ఎక్కించలేదు. వాళ్లను మళ్లీ ఆ ఇరుకు తొర్రలోనే ఉంచి, ఒక్కతే ఉయ్యాల ఎక్కి, మధ్య చోటు వదిలేసి, చిన్నదాని చోటులో పడుకుంది. గాలి వచ్చింది. తాడు వెంట నీళ్లు వచ్చాయి, పీచు దగ్గర ఆగి నేల మీదికి కారిపోయాయి. ఒక గంట గడిచింది. ముత్తేలు ఒంటి కింద చేయి పెట్టి తడిమి చూసుకుంది. మళ్లీ తడిమింది. పొడిగా ఉంది. అప్పుడు వెళ్లి పిల్లల్ని తెచ్చుకుంది. ఆ వానాకాలం అంచున తనే పడుకుంది.

నీతి: నీడ సరిపోతుందో లేదో చూడాలంటే, మధ్యలో పడుకుని కాదు, అంచున పడుకుని చూడాలి.