మలుపులో దించిన డోలీ

అనగనగా, బండిచక్రం ఇంకా ఆ దారి తొక్కని రోజుల్లో, ఒక కొండ ఉండేది. కొండమీద స్వామి ఉండేవాడు. కొండ కింద పూటకూళ్ళ ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో కూర్మయ్య ఉండేవాడు.

కూర్మయ్య పని మూడు మాటల్లో చెప్పొచ్చు. వండడం, వడ్డించడం, పడుకోను చాప వెయ్యడం. కానీ ఆయన వండినట్టు ఇంకొకరు వండలేదంటారు, వడ్డించినట్టు ఇంకొకరు వడ్డించలేదంటారు. పళ్ళూడిన ముసలివాళ్ళు వస్తే అన్నం మెత్తగా పిసికి పెట్టేవాడు. ఎండనపడి నడిచొచ్చినవాళ్ళకి ముందు అల్లం మజ్జిగ పోసి, కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు ఆకు వేసేవాడు. అన్నం దించగానే మొదటి గరిటె ఎత్తి కొండవైపు చూపించేవాడు. "స్వామీ, నీ బిడ్డలకి పెడుతున్నాను" అనేవాడు. ఆ తరవాతే పంక్తిలోకి వచ్చేవాడు.

అంత భక్తి ఉన్న మనిషి కొండ మాత్రం ఎక్కలేదు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఊళ్ళోవాళ్ళు వేళాకోళం చేసేవారు, నీకూ స్వామికీ ఏమైనా తగువా అని. తగువేమీ లేదనేవాడు. ఎవరూ ఆకలితో రాని రోజు చూసుకుని ఎక్కుతాననేవాడు. అలాంటి రోజు వస్తుందా? రాలేదు.

ఆ కొండకి డోలీలు మోసేవాళ్ళు ఉండేవారు. పొడుగాటి కర్రకి పీట కట్టి, మనిషిని కూర్చోబెట్టి, ముందు ఇద్దరూ వెనక ఇద్దరూ భుజం పెట్టి మెట్లెక్కేవారు. వాళ్ళకో కట్టుబాటు ఉండేది. మొక్కున్నవాళ్ళని కింద ఎత్తితే పైన గుడి ముందే దించాలి. మధ్యలో డోలీ నేల తాకకూడదు. భుజం మార్చుకున్నా నడుస్తూనే మార్చుకోవాలి. తాకిందా, మొక్కు చెడింది. ఆ మనిషి దర్శనం లేకుండా వెనక్కి దిగిపోవలసిందే.

ఆ మోసేవాళ్ళలో గంగులు ఒకడు. డోలీకర్ర ముందు కొసని వాళ్ళు ముందు కొమ్ము అంటారు, అది వాడిదే. అడుగు తప్పేవాడు కాదు. భుజం నొప్పికని మొదట కొంచెం సారా తాగాడు. నొప్పి లేని రోజున కూడా తాగాడు. చివరికి తాగకపోతే చేతులు వణికేవి, తాగితే కాళ్ళు వణికేవి.

ఒకనాడు ఎక్కడో దూరదేశం నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. చచ్చిపోయేలోగా స్వామిని ఒక్కసారి చూడాలని వచ్చింది. గంగులు ముందు కొమ్ము పట్టాడు. సగం కొండ ఎక్కాక కాలు తడబడింది. డోలీ నేలకి తగిలింది.

ముసలమ్మకి దెబ్బ తగల్లేదు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కూర్చున్నచోటి నుంచే పైకి ఓ దండం పెట్టి, కర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగిపోయింది. తిట్టి ఉంటే గంగులు ఎలాగో మర్చిపోయేవాడు. ఆ దండం మాత్రం మర్చిపోలేకపోయాడు.

డోలీల మేస్త్రీ చిట్టెయ్య వాణ్ణి కర్ర ముట్టుకోవద్దన్నాడు. పెళ్ళాం ముత్యాలు పిల్లని చంకనేసుకుని పుట్టింటికి పోయింది. గంగులుకి ఇక ప్రాణంలో ఒక్కటే కోరిక మిగిలింది. మళ్ళీ ఒకసారి ఆ కొమ్ము భుజాన పెట్టుకోవాలి. అది తీరే దారి మాత్రం కనపడలేదు. సారాబట్టీ దారి ఒక్కటే కనపడేది.

అలా తిరిగి తిరిగి, ఒకరోజు పూటకూళ్ళ ఇంటి అరుగు దగ్గర కూలబడ్డాడు. కూర్మయ్య బయటికొచ్చి చూశాడు. ఎవరని అడగలేదు. ఎందుకిలా అయ్యావనీ అడగలేదు.

"వచ్చావా? కాళ్ళు కడుక్కో. ఆకు వేశాను" అన్నాడు.

గంగులు చెయ్యి వణికి ముద్ద నోటిదాకా రాలేదు. కూర్మయ్య పక్కన కూర్చుని కలిపి తినిపించాడు. చెమటలు పట్టి, ఒళ్ళు జలదరించి, లేనివి కనపడి అరిచినన్నాళ్ళూ గంజి తాగించాడు. కాస్త నిలబడగలిగాక నీళ్ళు తోడమన్నాడు. గంగులు తోడాడు. తోడి తోడి, ఒకరోజు ఆ ఇత్తడి చెంబే పట్టుకుపోయి బట్టీలో ఇచ్చి తాగేశాడు.

తల వంచుకుని తిరిగొచ్చాడు.

"వచ్చావా? కాళ్ళు కడుక్కో. ఆకు వేశాను" అన్నాడు కూర్మయ్య. అని, లోపలికెళ్ళి మట్టి ముంత తెచ్చిచ్చాడు. "దీంతో కడుక్కో నాయనా. చెంబు ఊరెళ్ళింది."

పంక్తిలో ఉన్నవాళ్ళు నవ్వారు. గంగులుకి కూడా నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చిన నవ్వు అది.

రెండోసారి తిరనాళ్ళలో పాత స్నేహితులు కనపడితే తాగాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట, అదే ఆకు.

మూడోసారి ముత్యాల్ని తీసుకొద్దామని అత్తవారింటికి వెళ్ళాడు. మామ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు. నా కూతుర్ని కూడా మధ్యలో దించేస్తావా అని అడిగాడు. గంగులు ఆ మాట మోసుకుంటూ తిన్నగా బట్టీకి వెళ్ళాడు. ఈసారి తిరిగొచ్చాక అరుగెక్కలేదు. వీధిలోనే నిలబడ్డాడు.

"నాకు ఆకు ఎయ్యొద్దు తాతా. నేను బాగుపడను. నన్ను ఎల్లగొట్టీ" అన్నాడు.

కూర్మయ్య గరిటె పక్కన పెట్టి, వీధిలోకొచ్చి, వాడి పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు.

"నేనూ తాగినవాణ్ణే గంగులూ. నీకన్నా ఎక్కువ తాగేను. ఇప్పటికీ తాగాలనుంటాది."

గంగులు నమ్మలేదు. మరి ఎలా ఆగుతున్నావని అడిగాడు.

"పొద్దున్నే కొండకేసి తిరిగి చెప్పుకుంటాను. స్వామీ, ఈ పూటకి నన్ను కాయి అని. మాపటేళ మళ్ళీ చెప్పుకుంటాను. పూటకూళ్ళోణ్ణి కదా. పూటకి మించి అడగడం నాకు చేతకాదు." కూర్మయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "లే. పప్పు చల్లారిపోతంది."

ఆ రోజు నుంచి గంగులు కూడా పూటకి పూట అడుక్కున్నాడు. ఒక పూట గడిచింది. ఇంకో పూట గడిచింది. వానలు వచ్చాయి, పోయాయి. బియ్యం కడగడం నేర్చుకున్నాడు. తనలాంటివాళ్ళు అరుగు దగ్గర కూలబడితే కాళ్ళు కడగడం నేర్చుకున్నాడు. వాడి వడ్డన సంగతి ఆ నోటా ఆ నోటా పాకి ముత్యాలు చెవిని పడింది. ఒక మధ్యాహ్నం వచ్చి పంక్తి చివర కూర్చుంది. గంగులు వచ్చి ఆమె ఆకులో చారు పోశాడు. ఆమె వాడి మొహం చూడలేదు. గరిటె పట్టుకున్న చెయ్యే చూసింది. ఒక్క చుక్క కూడా ఆకు బయట పడలేదు. తిని లేచి, చెయ్యి కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళి రోటి ముందు కూర్చుంది. పిల్లని మర్నాడు తెచ్చుకుంది.

అన్నీ కుదిరాయి గానీ, డోలీకర్ర మాత్రం వాణ్ణి రానివ్వలేదు. చిట్టెయ్యకి మనసు ఒప్పలేదు.

కూర్మయ్య ముసలివాడైపోయాడు. కాళ్ళు చచ్చుబడ్డాయి. అప్పుడు ఆయన తనకోసమంటూ ఒక్కటి అడిగాడు. ఒకసారి స్వామిని చూస్తానన్నాడు. మోసేవాళ్ళు తయారైపోయారు. మేమంటే మేమని పోటీ పడ్డారు. ముందు కొమ్ము గంగులు పడతాడని చెప్పాడు కూర్మయ్య.

"మళ్ళీ దించీస్తే?" అన్నాడు చిట్టెయ్య.

"దించితే పోయేది నా మొక్కే కదా. నీ సొమ్మేం పోయింది?"

గంగులు తనే వద్దన్నాడు. అందరికన్నా ఎక్కువ భయపడ్డది వాడే. కూర్మయ్య వినలేదు. పీటమీద కూర్చుని, నడవండి నాయనా, అన్నాడు.

ఎత్తారు. గంగులు ఒక్కో మెట్టూ చూసుకుంటూ అడుగులేశాడు. అప్పుడు ముసలమ్మ డోలీ నేలకి తగిలిన మెట్టు వచ్చింది. అడుగు తడబడలేదు. ఆ మెట్టు దాటారు. కొండమీద గంట కూడా వినబడుతోంది. ఇంకొక్క మలుపు తిరిగితే గుడి గోపురం.

ఆ మలుపులో, పొదల పక్కన, ఒక మనిషి పడి ఉన్నాడు. ఎవరో తెలియదు. నోట్లోంచి నురగ. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. దూరం నుంచే సారా వాసన.

"దించండి" అన్నాడు కూర్మయ్య.

ఎవరూ దించలేదు. గుడి ఇక్కడే ఉంది, నీకు దర్శనం చేయించి వెంటనే వచ్చి వాణ్ణి చూస్తామన్నాడు వెనక కొమ్ము పట్టిన చిట్టెయ్య.

"పైనున్న స్వామి ఎక్కడికీ పోడు. వీడు పోతాడు. డోలీలో వేసి ఇంటికి తీసుకుపోండి."

అలా కొట్టుకునే మనిషిని ఆ నిటారు మెట్లమీద ఒక్కరు ఎత్తుకుని దిగడం కుదరదు. డోలీ కావాలి. నలుగురూ కావాలి. అది అందరికీ తెలుసు. అందరూ గంగులు వైపు చూశారు. ముందు కొమ్ము వంగితేనే డోలీ దిగుతుంది.

గంగులు రాయిలా నిలబడిపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోను చెయ్యి ఖాళీ లేదు.

"ఒకసారి దించీసినాను తాతా. నేనింక దించను. నీ దర్శనం నా చేత్తో పోనివ్వను."

కూర్మయ్య వెనకనుంచి వాడి భుజం తట్టాడు.

"అప్పుడు నిన్ను సారా దించమంది. ఇప్పుడు నేను దించమంటన్నాను. రెండూ ఒకటేనేటి?"

గంగులు వంగాడు. డోలీ నేల తాకింది.

కూర్మయ్యని గుడివైపు మొహం పెట్టి ఒక బండకి ఆనించి కూర్చోబెట్టారు. ఆ మనిషిని డోలీలో కట్టుకుని దిగారు. వెంటనే తిరిగి పరిగెత్తుకు వచ్చేద్దామనుకున్నాడు గంగులు. కానీ పడున్నవాడు వాడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. నన్ను వదిలేసి పోకన్నాడు. గంగులు వాడి కాళ్ళు కడిగాడు. ముత్యాలు గంజి కాచింది. అది చెంచాతో లోపలికి దిగి, ఒణుకు తగ్గి, వాడికి నిద్ర పట్టాకే గంగులు లేచాడు.

నాలుగో భుజం లేనిదే డోలీ లేవదని ఆగిన ముగ్గురితో కలిసి వాడు మలుపు దగ్గరికి వచ్చేసరికి కూర్మయ్య బండకి ఆనుకునే ఉన్నాడు. కానీ వాళ్ళు కూర్చోబెట్టినట్టు లేడు. ఎలా తిరిగాడో, కిందివైపు తిరిగి ఉన్నాడు. అక్కడినుంచి పూటకూళ్ళ ఇల్లు కనపడుతుంది. పొయ్యిలోంచి లేచే పొగ కనపడుతుంది. ఆయన అటే చూస్తూ పోయాడు.

డోలీ నేల తాకి మొక్కు చెడనే చెడింది, పైగా పోయిన మనిషిని గుడి ముందుకి తీసుకెళ్ళకూడదు. అలా కూర్మయ్య స్వామిని చూడనే లేదు.

గంగులు బండమీద తల కొట్టుకున్నాడు. మళ్ళీ నేనే దించేశానని ఏడ్చాడు. చిట్టెయ్య దగ్గరికొచ్చి వాణ్ణి లేవదీశాడు. తరవాత కర్ర ఎత్తి, ముందు కొమ్ము వాడి భుజానికి ఆనించాడు.

"పట్టరా. తాతని ఇంటికి తీసుకుపోదాం. ఇయ్యాల్నించి ఇది నీదే."

ఆ తరవాత గంగులు పూటకూళ్ళ ఇల్లూ నడిపాడు, డోలీలూ మోశాడు. ఏ డోలీ ఎత్తినా ఆ మలుపులో నేలకి దించేవాడు. మొక్కులు చెడతాయని పెద్దలు మందలించారు. దించకుండా వచ్చిన డోలీకీ, దించి వచ్చిన డోలీకీ గుడి తలుపు ఒక్కలాగే తెరుచుకుంది. కొన్నాళ్ళకి అందరూ దించడం మొదలుపెట్టారు.

కూర్మయ్య ఇంటిపేరు ఏమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఏ ఊరివాడో తెలియదు. ఒక ఊళ్ళో కూర్మయ్య అంటారు, ఇంకో ఊళ్ళో కూర్మన్న అంటారు. చెప్పేవాళ్ళు తగ్గిపోతే ఈ కాస్తా పోతుంది. అందుకే విన్నవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పాలి.

ఆ కొండకి ఇప్పటికీ డోలీలు ఎక్కుతాయి. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్దవాళ్ళు కూర్చున్నా, ఆ మలుపులో డోలీ దించుతారు. గుడివైపు కాకుండా కిందివైపు తిరిగి దండం పెడతారు. ముందు కొమ్ము పట్టినవాడు పొదలకేసి, "ఎవరన్నా ఉన్నారా?" అని కేకేస్తాడు. కాసేపు చెవి ఒగ్గి వింటాడు. జవాబు రాకపోతే ఎత్తుకుని పైకి పోతారు.

జవాబు వస్తే మాత్రం, మొక్కు ఎవరిదైనా సరే, డోలీ కిందికే దిగుతుంది.