కంచె మీద చిక్కిన వెంట్రుకలు

ఏడుబండల అడవిలో అడవిదున్నలు, దుప్పులు, ఎలుగుబంట్లు, కుందేళ్లు, ఏదుపందులు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. ఆ అడవి ఒక వాలు మీద ఉంది. పై భాగాన్ని ఎగువపేట అనేవారు, కింది భాగాన్ని దిగువపేట అనేవారు. రెండింటి మధ్య ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక ముళ్లకంచె ఉండేది.

ఆ కంచె మొదట్లో లేదు. తాతల నాడు ఒక ఏడు వానలు తెరిపి ఇవ్వలేదు. దిగువపేటలో కొన్ని దుప్పులకు గిట్టలు కుళ్లి, నడవలేక చనిపోయాయి. ఎగువపేట వాళ్లు హడలిపోయి, తుమ్మకొమ్మలు, రేగుకంపలు ఈడ్చుకొచ్చి అడ్డంగా పడేశారు. జబ్బు ఆ ఏడే పోయింది. కంచె మాత్రం పోలేదు.

పోకపోగా పెరిగింది. ఏటా వానలకు ముందు ఎగువపేటలో ప్రతి కుటుంబమూ ఒక ముళ్లకొమ్మ తెచ్చి కంచె మీద వేయాలి. అది ఆచారం. ఎందుకని ఎవరైనా అడిగితే, "పెద్దలు ఊరికే పెడతారా?" అనేవారు. దాంతో అడిగినవాడి నోరు మూతపడేది. కంచె ఇంకో కొమ్మ ఎత్తు లేచేది.

దిగువపేటలో గోగులమ్మ అనే ఏదుపంది ఉండేది. ఆమె పుట్టింది ఆ పేటలోనే, పిల్లల్ని పెంచి పెద్దచేసింది ఆ పేటలోనే. చిన్నప్పుడు ఆమె ఆడుకున్న తునికిచెట్లు ఒక్కొక్కటే ముసలివై కూలిపోయాయి. వాటి చోట కొత్తవి లేవలేదు. అడవిలో చెట్టును ఎవరూ నాటరు కదా! ఎలుగుబంటి పండు తిని తన దారిన తాను పోతుంది. అది పెంట వేసిన చోట వాన పడితే మొక్క మొలుస్తుంది. ఎవరూ నడవని నేల మీద ఏం మొలుస్తుంది? దిగువపేటలో ఇసుకా రాళ్లూ కలిసిన గరపనేల, చెదపుట్టలు మిగిలాయి.

నీళ్లూ తగ్గిపోయాయి. కంచె అడుగున ఏళ్ల తరబడి ఆకులూ మన్నూ పేరుకుని గట్టులా అయింది. పై నుంచి వచ్చే వాననీరు అక్కడే ఆగిపోయేది. దిగువపేట మడుగులో వేసవికి బురద కూడా మిగిలేది కాదు.

ఒకనాడు పక్క బొరియలోని కుందేలు మునెమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరింది. కొండ అవతలికి పోతోంది. అక్కడ గడ్డి ఉంది, చిరుతలు కూడా ఉన్నాయి.

"ఇంకో వాన చూడవే మునెమ్మా," అంది గోగులమ్మ.

"ఎన్ని వానలు చూడమంటావక్కా? వాన పైవాళ్లకు పడుతోంది. మనకు ఉరుము మాత్రం వినపడుతోంది," అంది మునెమ్మ.

కుందేలు వెళ్లిపోయాక ఆ ఖాళీ బొరియలోకి పాము చేరింది. గోగులమ్మకు దుఃఖం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇలా ఒక్కొక్కరే పోతుంటే తన పేట పేరు కూడా మిగలదని ఆమెకు అర్థమైంది.

ఎగువపేట పెద్ద మల్లుదొర అనే అడవిదున్న. మంచి బలం, గొప్ప కొమ్ములు, ఆ కొమ్ముల మీద గొప్ప నమ్మకం. కంచెకు ఆనుకుని ఉన్న ఒక పెద్ద బండ పక్కన అతని మంద ఉండేది. కొన్నేళ్లుగా వానాకాలంలో ఎగువపేటలో ఎవరికో ఒకరికి గిట్టలు కుళ్లుతూనే ఉన్నాయి. అలా జరిగినప్పుడల్లా మల్లుదొర, "కంచె పలచబడింది. ఆ కింది గాలే ఇటు కొడుతోంది," అని ఇంకా కంపలు వేయించేవాడు.

గోగులమ్మ కంచె దగ్గరికి వచ్చి దొరను పిలిచింది. "దొరా, మా పేటలో జబ్బు లేక మూడు తరాలైంది. దారి ఇవ్వండి. మేము నీళ్లకు వస్తాం, మీవాళ్లు మా పుట్టల దగ్గరికి వస్తారు. రాకపోకలుంటేనే పేట బతుకుతుంది," అంది.

మల్లుదొర దయ తలచినట్టు తల ఊపాడు. "సరే. మా పేటకు శోభగా ఉండేలా ఒక ద్వారం కట్టిస్తాను," అన్నాడు.

ఆ పని పింజయ్య అనే గిజిగాడికి అప్పగించారు. పింజయ్య పనితనం గురించి చెప్పనక్కర్లేదు, తన గురించి తానే చెప్పుకునేవాడు. "చూసినవాళ్లు నోరెళ్లబెట్టాలి దొరా," అంటూ దొర బండకు ఎదురుగా రెండు పెద్ద దుంగలు నిలబెట్టించాడు. పైన తీగలు అల్లాడు. గూళ్లు వరసగా వేలాడదీశాడు. గాలి వీస్తే అవి ఊగుతుంటే నిజంగానే ముద్దొచ్చేవి.

"దిగువ నుంచి ఎలా వస్తారో చూశావా, పింజయ్యా?" అని అడిగింది గోగులమ్మ.

"కట్టడం మన వంతు. రావడం వాళ్ల వంతు," అన్నాడు పింజయ్య.

ఆ ద్వారానికి దిగువ వైపు నిట్టనిలువు రాయి ఉంది. ఒక దుప్పి ఎక్కబోయి జారి మోకాళ్లు చెక్కుకుపోయి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ఎవరూ ప్రయత్నించలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, ద్వారం ఉంది కానీ దారి లేదు.

వేసవి ముదిరింది. మల్లుదొర బండ ఎక్కి దిగువపేటకు వినపడేలా చెప్పాడు. "ద్వారం తెరిచి ఉంచాం. ఒక్కరూ రాలేదు. మీకు అక్కర లేనప్పుడు మాకెందుకు? తొలకరి లోపు పేట ఖాళీ చేసి కొండ అవతలికి పొండి. మీరున్న చోటంతా కంపతో మూసేస్తాం."

దిగువపేట వాళ్లంతా మడుగు దగ్గర చేరారు. ముసలివాళ్లు నేల చూపులు చూశారు. కొండ అవతలికి పోతే సగం మంది చిరుతల పాలవుతారని అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున గోగులమ్మ కంచె వెంట నడవడం మొదలుపెట్టింది. ఎందుకు నడుస్తోందో ఆమెకే సరిగా తెలియదు. బొరియలో కూర్చోలేక నడిచింది. కొంత దూరం పోయాక ఒక చోట ముళ్లకు ఏవో వెంట్రుకలు చిక్కుకుని కనిపించాయి. దగ్గరికి వెళ్లి చూసింది. దుప్పి పిల్లలవి, ఎర్రటివి. ఇంకా ముందుకు పోతే కుందేలు బూరు, తెల్లగా, గుత్తులు గుత్తులుగా. మరోచోట నల్లటి పొడుగాటి వెంట్రుకలు, ఎలుగుబంటివి. సందుల్లోంచి చూస్తే, ఆ వెంట్రుకలు దిగువ వైపు ముళ్లకే కాదు, ఎగువ వైపు ముళ్లకూ ఉన్నాయి.

మధ్యలో మైళ్ల కొద్దీ కంచె శుభ్రంగా ఉంది. వెంట్రుకలన్నీ కొన్ని చోట్లే ఉన్నాయి. ఆ చోట్ల నేల కూడా కొద్దిగా పల్లంగా ఉంది. అవి పాత కాలిబాటలు. ఎవరూ చెప్పకపోయినా, ఇన్ని తరాల తర్వాత కూడా, రెండు పేటల వాళ్లూ అక్కడికే వచ్చి ముళ్లలో తలలు దూర్చి చూసి వెనక్కి పోతున్నారు!

గోగులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతకాలం తమను ఎవరూ తలుచుకోరనే అనుకుంది.

అప్పుడే ఒక నల్లటి ముక్కు కంపల్లోంచి బయటికి వచ్చింది. ఎగువపేట ఎలుగుబంటి బుడ్డన్నది ఆ ముక్కు.

"ఏం బుడ్డన్నా, ఏం వెతుకుతున్నావు?" అంది గోగులమ్మ.

దొంగతనం బయటపడ్డట్టు బుడ్డన్న సిగ్గుపడ్డాడు. "మీ పుట్టల్లో చెదల వాసన ఇక్కడిదాకా వస్తోందమ్మా. మా వైపు నేలంతా వానాకాలం చిత్తడి, పుట్టలు నిలవవు. మోకాలిలోతు నీళ్లలో నెలల తరబడి నానుతాం."

గోగులమ్మ ముక్కు కంచె అడుగుకు ఆనించి మన్ను తవ్వింది. తన వైపు మన్ను పొడిగా రాలింది. అటువైపు మన్ను నడివేసవిలో కూడా నల్లగా, కుళ్లు కంపు కొడుతూ ఉంది.

"బుడ్డన్నా, మీ గిట్టల జబ్బు మా గాలి వల్ల కాదు, ఈ బురద వల్ల," అంది ఆమె. "ఈ కంచె మా నీళ్లను ఆపి మిమ్మల్ని నానబెడుతోంది."

బుడ్డన్న ఆ మన్ను వాసన చూశాడు. తర్వాత పెద్ద పంజాతో ఒక కొమ్మను లాగి అవతల పారేశాడు.

గోగులమ్మ తన పేటవాళ్లను పిలిచింది. "పింజయ్యలా చూపుకు బాగున్న చోట కాదు, వెంట్రుకలు ఉన్న చోట తీయండి," అంది. అటువైపు నుంచి దుప్పి తల్లులు వచ్చారు, భయం భయంగానే వచ్చారు. ముళ్లు గుచ్చుకుని మూతులు రక్తాలయ్యాయి. అయినా వాళ్లు ఆగలేదు. ఏదుపందులు అడుగున పేరుకున్న గట్టును తవ్వాయి. కుందేలు పట్టే చోట కుందేలంత దారి, ఎలుగుబంటి పట్టే చోట ఎలుగుబంటంత దారి తెరిచారు.

అన్నిటికంటే పెద్ద పాతబాట దొర బండ పక్కనే ఉంది. దాన్ని తెరవగానే మల్లుదొర బుసకొడుతూ వచ్చాడు.

"మా తాతలు కట్టిన కంచెకు కన్నం పెడతారా? మిగతా చోట్ల మీ చావు మీరు చావండి. నా మంద దగ్గర మాత్రం కుదరదు," అని తన వాళ్లచేత ఆ దారిని రెట్టింపు కంపతో, రాళ్లతో మూయించాడు.

"దొరా, నీళ్లు పోయే చోటు అది. మీ దూడలు నానిపోతాయి," అంది గోగులమ్మ.

"ముళ్ల మీద బొచ్చు చూసి దారులు వేసేదానివి, నాకు నీళ్ల సంగతి చెబుతావా?" అన్నాడు మల్లుదొర. మంద అంతా నవ్వింది. పింజయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

తొలకరి వచ్చింది. దిగువపేట ఖాళీ కాలేదు. పై నుంచి వాననీరు తెరిచిన దారులన్నిటిలోంచి దిగువకు దూకింది. మడుగు నిండుతుంటే పిల్లలు గట్టు మీద గంతులేశారు. బుడ్డన్న రోజూ పుట్టల దగ్గరికి వచ్చి కడుపునిండా తిని పోతుండేవాడు. అతను నడిచిన దారి పొడుగునా తునికి మొలకలు లేచాయి. ఎగువపేటలో నిలవనీరు పోయి చెమ్మ మాత్రం మిగిలింది. ఆ ఏడు దుప్పుల్లో ఎవరికీ గిట్టలు కుళ్లలేదు.

దొర బండ దగ్గర మాత్రం నీళ్లు నిలిచిపోయాయి. పింజయ్య నిలబెట్టిన దుంగలు మొదళ్ల దగ్గర కుళ్లి, గూళ్లతో సహా నీళ్లలో పడ్డాయి. పింజయ్య ఇంకో అడవికి ఎగిరిపోయాడు. మల్లుదొర మాత్రం కదల్లేదు. మాట అన్నాక వెనక్కి తగ్గడం అతనికి చేతకాదు. గిట్టల మధ్య చర్మం చీలింది, చీము పట్టింది. తర్వాత అతని చిన్న దూడ ఒక పొద్దున లేవలేక నీళ్లలోనే కూలబడింది.

ఆ సాయంత్రం మల్లుదొర కుంటుకుంటూ కంచె వెంట నడిచి, ఎలుగుబంటి దారి దగ్గరికి వచ్చాడు. దూడ అతని పక్కన మూడు కాళ్ల మీద నిలబడి వణుకుతోంది. ఆ దారిలో అతని కొమ్ములు పట్టవు.

ఇవతల గోగులమ్మ ఉంది. అతన్ని చూడగానే ఆమెకు మునెమ్మ గుర్తొచ్చింది. కొండ అవతలికి పోయిన మునెమ్మ గానీ, ఆ పిల్లలు గానీ తిరిగి రాలేదు. ఇక రారు కూడా. గోగులమ్మ ఒంటి మీది ముళ్లన్నీ ఒక్కసారి లేచాయి.

మల్లుదొర తల దించాడు. "అమ్మా, పొడినేల మీ దగ్గరే ఉంది. నన్ను వద్దనండి. వీణ్ని మీ పేటలోకి రానిస్తారా?" అన్నాడు.

దిగువపేట నుంచి పొండి అన్నవాళ్లే ఇంతకాలం. అందులోకి రావచ్చా అని అడిగినవాళ్లు ఎవరూ లేరు. చుట్టూ చేరిన ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గోగులమ్మ ముళ్లు మెల్లగా వాలిపోయాయి. "దొరా, నీ మీద నా కోపం పోలేదు. పోతుందని కూడా చెప్పలేను," అంది. "కానీ ఆ బిడ్డను ఇంకాసేపు బురదలో నిలబెట్టకు. కాస్త ఆగు, దారి వెడల్పు చేస్తాం. నువ్వూ రా."

పేటంతా కదిలింది. బుడ్డన్న అటు నుంచి లాగాడు, వీళ్లు ఇటు నుంచి లాగారు. చీకటి పడకముందే దూడ గరపనేల మీద అడుగు పెట్టింది. దాని వెనక మల్లుదొర తలవంచుకుని లోపలికి వచ్చాడు.

పొడినేల మీద దూడ గిట్టలు మానాయి. మల్లుదొర గిట్ట ఒకటి ఊడిపోయింది, అది మళ్లీ రాలేదు. వానలు వెలిసాక అతని మంద వచ్చి, "పదండి దొరా, మన బండ దగ్గరి కంప తీసేశాం. నేల ఆరింది. మీ చోటు మీకుంది," అని పిలిచింది.

మల్లుదొర కదల్లేదు. మడుగు దగ్గర దుప్పిపిల్లలతో పరుగులు తీస్తున్న దూడను చూస్తూ, "నా బిడ్డ లేచి నిలబడిన చోటు ఇది. ఇంకెక్కడికి రమ్మంటారు?" అన్నాడు.

నీతి: పక్కవారిని వెలివేసిన కంచె మన కాళ్ల కిందే నీళ్లు నిలుపుతుంది. దారి వేయాలంటే గొప్పగా కనిపించే చోటు కాదు, మనుషుల అడుగులు వెళ్లాలనుకునే చోటు వెతకాలి.